రెండో మనిషి లేని చోట

2011 మార్చి నెలాఖరు. కర్నూలు జిల్లాలోని ఒక ఊరు. ఉదయం తొమ్మిది గంటల వేళ తల్లి ఇంటి బయట పనిలో ఉంది. ఇంట్లో పుట్టుకతోనే చూపు లేని కూతురు ఒక్కతే ఉంది. కొడుకులతో పాటు కూలి పనికి వెళ్లే ఒక వ్యక్తి వచ్చి, వాళ్లెక్కడని ఆ తల్లిని అడిగాడు. ఆ ఇంటికి తరచూ వచ్చిపోయే మనిషే కాబట్టి ఆమెకు అనుమానం కలగలేదు. కాసేపటికి లోపలి నుంచి కూతురి కేక వినపడింది. పరుగెత్తుకెళ్తే తలుపు లోపల గడియ పెట్టి ఉంది. చుట్టుపక్కల వాళ్లు చేరారు. తలుపు తీసి పారిపోబోయిన అతన్ని అక్కడే పట్టుకున్నారు.

పదేళ్ల తర్వాత, 2021 ఏప్రిల్ 27న, సుప్రీంకోర్టు ఆ అత్యాచారం కేసులో జీవిత ఖైదును ఖరారు చేసింది. బాధితురాలు అతన్ని చూడలేదు, కానీ గొంతు గుర్తుపట్టింది. రోజూ వినే గొంతు కాబట్టే గుర్తుపట్టగలిగింది. వికలాంగులపై జరిగే అఘాయిత్యాల్లో చాలాసార్లు నేరం చేసిన వ్యక్తి ఇలా గొంతు తెలిసిన మనిషే అయి ఉంటాడు. బంధువు, పొరుగువాడు, ఆటో డ్రైవర్, హాస్టల్ వార్డెన్, ఫిజియోథెరపీ చేసే వ్యక్తి, ఒక్కోసారి సొంత అన్నదమ్ముడు.

పిల్లలకూ ఆడవాళ్లకూ చెప్పే జాగ్రత్తలన్నీ కొత్తవాళ్ల గురించే ఉంటాయి. చీకటి పడ్డాక బయటికి వెళ్లొద్దు, తెలియనివాళ్లు ఏమైనా ఇస్తే తినొద్దు. మంచం దిగాలంటే ఇంకొకరు చేయి పట్టుకోవాల్సిన మనిషికి ఈ జాగ్రత్తలు ఏ మాత్రం పనికిరావు. ఆమెకు అపాయం పట్టపగలు, సొంత గదిలో, చేయి పట్టి లేపే మనిషి నుంచే రావచ్చు. స్నానం చేయించేది, మందు వేసేది, పెన్షన్ డబ్బు తెచ్చేది, డాక్టరు దగ్గర ఆమె తరఫున మాట్లాడేది అంతా ఒక్కరే అయితే, ఆ ఒక్కరి గురించి ఆమె ఎవరితో చెప్పుకోగలదు? చెప్పాలన్నా ఆ మాటను బయటికి చేరవేయాల్సింది కూడా వాళ్లే. అందుకే ఈ సమస్యలో మొదట చూడాల్సింది ఒకటే. ఈ మనిషికి రెండో మనిషి ఎవరైనా ఉన్నారా?

2012లో లాన్సెట్ వైద్య పత్రిక అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించిన రెండు సమీక్షలు ప్రచురించింది. వాటి ప్రకారం వైకల్యం ఉన్న పిల్లలు ఏదో ఒక రకమైన హింసకు గురయ్యే అవకాశం మిగతా పిల్లల కంటే 3.7 రెట్లు ఎక్కువ. పెద్దల్లో అది 1.5 రెట్లు, మానసిక అనారోగ్యం ఉన్న పెద్దల్లో దాదాపు 4 రెట్లు. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం సంపన్న దేశాలవే. మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం వికలాంగులు 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది. వీళ్లలో ఎంతమందిపై నేరాలు జరుగుతున్నాయో తెలియాలంటే నేర గణాంకాల్లో వైకల్యం అనే వివరం విడిగా ఉండాలి. అలా నమోదు చేసే విషయం ఆలోచించాలని జాతీయ నేర గణాంకాల సంస్థకు సుప్రీంకోర్టు కర్నూలు కేసు తీర్పులోనే సూచించింది.

దెబ్బలుగా కనిపించనివి

వేధింపు అనగానే దెబ్బలు, లైంగిక దాడి గుర్తొస్తాయి. ఇంట్లో రోజూ జరిగేవి అంతకంటే చిన్నగా, మామూలుగా కనిపిస్తాయి. మాటిమాటికీ బాత్రూంకి తీసుకెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు తగ్గించి ఇస్తారు. అల్లరి చేస్తున్నాడని వినికిడి మిషన్ బ్యాటరీ తీసేస్తారు. చుట్టాలు వచ్చినప్పుడు వీల్‌చైర్‌ను అందని మూలకు నెట్టేస్తారు. చేతికర్ర దాచేస్తారు. మాట వినడం లేదని నిద్రమాత్ర ఇంకొకటి వేస్తారు. ఇవన్నీ చేసేవాళ్లు తాము హింసిస్తున్నామని అనుకోరు. కానీ నడవగలిగే మనిషి కాళ్లు కట్టేయడానికీ, వీల్‌చైర్ మీద ఆధారపడ్డ మనిషి వీల్‌చైర్ తీసేయడానికీ తేడా ఏముంది?

చట్టం ఈ తేడా లేదనే అంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షన్‌ను చదివితే, రాసినవాళ్లకు ఈ ఇళ్ల లోపలి సంగతులు బాగా తెలుసని అర్థమవుతుంది. తన సంరక్షణలో ఉన్న వికలాంగులకు తెలిసి తెలిసి అన్నం, నీళ్లు ఇవ్వకపోవడం నేరం. కాలు, చెయ్యి, కన్ను, చెవి మాత్రమే కాక, వాటికి బదులుగా వాడే పరికరాన్ని పాడుచేసినా, వాడుకోకుండా అడ్డుపడినా నేరమే. నలుగురిలో కావాలని అవమానించడం నేరం. వికలాంగ మహిళను, పిల్లలను శాసించగల స్థితిలో ఉండి లైంగికంగా వాడుకోవడం నేరం. శిక్ష కనీసం 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, దాంతో పాటు జరిమానా. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇది. 1995 నాటి పాత చట్టం గుర్తించిన వైకల్యాలు 7 అయితే ఇది 21 గుర్తించింది.

నలుగురిలో అవమానించడం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ప్రభుత్వ కాగితాల్లో పేర్లు చాలా మారాయి. వికలాంగులు అన్నారు, దివ్యాంగులు అన్నారు, ఆంధ్రప్రదేశ్‌లో శాఖ పేరే విభిన్న ప్రతిభావంతుల శాఖ అయింది. ఊళ్లో మాత్రం ఇంకా కుంటోడు, గుడ్డిది, మూగది, మెంటలోడు అనే పిలుస్తారు. అమ్మానాన్న పెట్టిన పేరు చాలామందికి తెలియను కూడా తెలియదు. ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ పేరుతో పిలవని మనిషి మీద చెయ్యి చేసుకోవడం తేలిక. ఆ మనిషి ఫిర్యాదు చేసినా ‘ఆ మెంటలోడి మాట ఏం నమ్ముతాం’ అని కొట్టిపారేయడం ఇంకా తేలిక.

కట్టేయడం గురించి కూడా చెప్పుకోవాలి. మానసిక అనారోగ్యం ఉన్న కొడుకును మంచం కోడుకు కట్టేసి పొలం పనికి వెళ్లే తల్లి కథ తెలుగు ఊళ్లలో ఎవరూ వినని కథ కాదు. విప్పి వెళ్తే రోడ్డెక్కుతాడని, బావిలో పడతాడని ఆమె టెన్షన్. ఆ తల్లిని దుర్మార్గురాలు అనడం అన్యాయం. అలాగని కట్టేయడాన్ని ఒప్పుకోవడం అంతకంటే పెద్ద అన్యాయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనూ అనుమతించదు. ఆమె కూలికి వెళ్లిన ఆ ఎనిమిది గంటలు అతన్ని చూసుకునే పగటి కేంద్రం, నెలనెలా మందులు అందించే ఆసుపత్రి దగ్గర్లో లేకపోతే ఆ తాడు మళ్లీ మంచం కోడుకే చేరుతుంది. ఇక్కడ రెండో మనిషి అవసరం కొడుక్కి ఎంతో తల్లికీ అంతే.

పెన్షన్ ఎవరి చేతికి

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ వచ్చి పెన్షన్ మొదలైన రోజు నుంచి ఇంట్లో ఆ మనిషి స్థానం రెండు రకాలుగా మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పెన్షన్ 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 2023లో 4,016కు పెరిగింది. ఈ డబ్బు చాలా ఇళ్లలో వికలాంగుల గౌరవాన్ని పెంచింది, అందులో సందేహం లేదు. అదే డబ్బు కోసం మనిషిని దగ్గర పెట్టుకుని, డబ్బు తీసుకుని, తిండి మాత్రం మిగిలిందే పెట్టే ఇళ్లూ ఉన్నాయి. వేలిముద్ర వేయించుకుని నోట్లు లెక్కపెట్టుకునేది అన్నో వదినో అయితే, ఆ మనిషి చేతికి పది రూపాయలైనా మిగులుతాయా అన్నది ఎవరూ చూడరు. బ్యాంకు ఏటీఎం కార్డు, పిన్ నంబరు కూడా ఇంకొకరి జేబులోనే ఉంటాయి. 2016 చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు తమ ఆస్తినీ డబ్బునూ తామే చూసుకునే హక్కు ఉంది. వాళ్లకు సాయం చేసేవాళ్లు తమకూ వాళ్లకూ ప్రయోజనాల్లో పోటీ ఉన్న వ్యవహారంలో పక్కకు తప్పుకోవాలని కూడా ఆ సెక్షన్ చెబుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఒక ఏర్పాటును ఈ కోణంలో ఇంకా వాడుకోలేదు. ప్రతి నెలా మొదట్లో సచివాలయ ఉద్యోగి పెన్షన్ ఇవ్వడానికి ఇంటికే వెళ్తారు. అంటే నెలకు ఒకసారి, తప్పకుండా, ప్రభుత్వం తరఫున ఒక మనిషి ఆ గుమ్మంలో నిలబడి ఆ వికలాంగుడి ముఖం చూస్తాడు. ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది? పోయిన నెలకీ ఈ నెలకీ మనిషి చిక్కిపోయాడా, చేతి మీద తాడు గుర్తులున్నాయా, ఇంట్లోవాళ్లు లేనప్పుడు ఒక నిమిషం మాట్లాడనిస్తున్నారా అని గమనించడానికి ఉద్యోగికి ఒక రోజు శిక్షణ ఇస్తే చాలు. అనుమానం వస్తే అదే సచివాలయంలో ఉన్న మహిళా పోలీసుకు చెప్పే పద్ధతి పెట్టొచ్చు. ఇప్పుడు ఆ ఉద్యోగి మీద ఉన్న ఒత్తిడంతా మధ్యాహ్నంలోగా పంపిణీ ఎంత శాతం పూర్తయిందన్న లెక్క గురించే.

మాట లేని పిల్లలకు మాట ఇవ్వడం

నివారణ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది సీసీ కెమెరాల దగ్గర ఆగిపోతారు. అసలు పని పిల్లలకు నాలుగైదేళ్లు ఉన్నప్పుడే మొదలుకావాలి, అది భాషతో మొదలుకావాలి. వినికిడి లేని చాలామంది పిల్లలకు ఇంట్లో సైగల భాష ఎవరికీ రాదు. తిండి, నీళ్లు, నిద్ర, బడి లాంటి పదిపదిహేను సొంత సైగలతోనే రోజులు గడుస్తాయి. వాటిలో శరీర భాగాల పేర్లు ఉండవు. ‘నాకు ఇష్టం లేదు’ అనే సైగ ఉండదు. నిన్న, మొన్న, ఎవరు, ఎక్కడ అని చెప్పే వీలుండదు. ఆ పాపపై ఎవరైనా చెయ్యి వేస్తే ఏడవడం తప్ప ఆమె దగ్గర మాటే లేదు. 2018లో చెన్నైలోని ఒక అపార్ట్‌మెంట్‌లో వినికిడి లోపం ఉన్న బాలికపై అక్కడ పనిచేసేవాళ్లు నెలల తరబడి దాడి చేసిన కేసు దేశాన్ని కుదిపేసింది. పిల్లలపై లైంగిక నేరాలను విచారించే పోక్సో కోర్టు 2020లో 15 మందికి శిక్ష వేసింది. కాపలా ఉన్న ప్రాంగణమే అది. ఆ పని చేసినవాళ్లలో కాపలావాళ్లూ ఉన్నారు. కంచె చేను మేసినట్టు అంటాం కదా, అచ్చంగా అదే.

మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. వాళ్లకు మొదటి నుంచీ నేర్పేది చెప్పినట్టు వినడం. కూర్చోమంటే కూర్చోవాలి, చొక్కా తీయమంటే తీయాలి, థెరపీలో ఎవరు పట్టుకున్నా కదలకుండా ఉండాలి. అలా ఉంటే ‘మంచి పిల్లాడు’ అని మెచ్చుకుంటారు. ఇన్నేళ్లు ప్రతి పెద్దవాళ్లకూ లొంగి ఉండటం నేర్పి, ఒక చెడ్డవాడి దగ్గర మాత్రం ఎదురు తిరగాలంటే ఆ పిల్లాడికి ఎలా తెలుస్తుంది? అందుకే వద్దు అనడం కూడా నేర్పాలి. దువ్వెన వద్దంటే ఆ పూటకి ఆగాలి. స్నానం చేయించే ముందు ‘నీళ్లు పోయనా’ అని అడగాలి, జవాబు రాకపోయినా అడగాలి. డైపర్ మార్చేటప్పుడు తలుపు వేసి, ఎవరు మారుస్తున్నారో పిల్లాడికి చెప్పి చేయాలి. ఇలా అడిగించుకుంటూ పెరిగిన పిల్లలకు అడగకుండా ముట్టుకునే చెయ్యి తేడాగా అనిపిస్తుంది. బొమ్మల కార్డుల్లో శరీర భాగాల బొమ్మలు, ‘నొప్పి’, ‘భయం’, ‘వద్దు’, ‘ఎవరు’ అనే కార్డులు తప్పకుండా ఉండాలి. సిగ్గుపడి వాటిని తీసేసిన సెట్టు పిల్లాడి నోరు సగం కట్టేసినట్టే.

మన దగ్గర మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ రిసోర్స్ టీచర్లు పాఠాలు చెబుతారు. ఈ విషయాలు తల్లిదండ్రులకు నేర్పగల మనుషులు వాళ్లే. రేపు కేసు అయితే పోలీసులకు ఆ పిల్లాడి మాట అర్థమయ్యేలా చెప్పగలిగేదీ వాళ్లే.

మాట రాని మనిషి విషయంలో ఒంటి తీరు చూసే గ్రహించాలి. ఫలానా మనిషి రాగానే బిగుసుకుపోవడం, పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్లీ మొదలుపెట్టడం, ఒక గదిలోకి పోనని మొరాయించడం, తొడల లోపలి వైపు కమిలిన గుర్తులు, ఉన్నట్టుండి తన చేతిని తానే కొరుక్కోవడం. ఇవి కనిపించినప్పుడు ‘వీడికి ఇది మామూలే, జబ్బు ముదిరింది’ అనుకోవడమే అన్నిటికంటే ప్రమాదం. వైకల్యం ఉన్న మనిషిలో వచ్చే ప్రతి మార్పునూ వైకల్యం ఖాతాలో వేసే అలవాటు డాక్టర్లలో కూడా ఉంది.

తెలిసిన తర్వాత

విషయం బయటపడగానే చాలా ఊళ్లలో మొదట జరిగేది పెద్దమనుషుల పంచాయితీ. లక్షో రెండు లక్షలో ఇప్పించి, లేదంటే అతనికే ఇచ్చి పెళ్లి చేసి ముగిస్తారు. ‘ఎలాగూ ఆ పిల్లకి పెళ్లి కాదు’ అని దాన్ని మేలు చేసినట్టుగా చెబుతారు కూడా. బాధితులు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లయితే ఈ రాజీ చేసినవాళ్లే ఇరుక్కుంటారు. పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అది విడిగా నేరం. బిడ్డ వైకల్యాన్ని అదనుగా తీసుకుని చేసిన దాడికి ఆ చట్టంలో శిక్ష ఇంకా ఎక్కువ.

బాధితులు చెబుతున్నప్పుడు వినేవాళ్లు చేసే పొరపాటు మధ్యలో పేర్లు అందించడం. ‘ఫలానా అతనేనా? ఇక్కడ పట్టుకున్నాడా?’ అని అడిగితే, అవునని తలూపడం అలవాటైన మనిషి అన్నిటికీ తలూపుతుంది. రేపు కోర్టులో అదే కేసును దెబ్బతీస్తుంది. ‘ఏం జరిగింది? తర్వాత?’ అని మాత్రమే అడిగి, చెప్పిన మాటలు, చేసిన సైగలు ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టుకోవాలి. పదేపదే చెప్పించకూడదు. లైంగిక దాడి అయితే స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా కాగితం సంచిలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇలాంటి బాధితులకు ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని చట్టం ఉంది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, లైంగిక దాడి వంటి నేరాల్లో బాధితురాలికి వైకల్యం ఉంటే పోలీసులే ఇంటికి గానీ ఆమెకు వీలైన చోటికి గానీ వచ్చి ఫిర్యాదు రాసుకోవాలి. సైగల భాష తెలిసిన దుబాసీనో ప్రత్యేక విద్య టీచరునో వెంట ఉంచుకోవాలి. అదంతా వీడియో తీయాలి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్న వంకతో తిప్పి పంపకూడదు. మేజిస్ట్రేట్ ముందు కూడా అలాగే వాంగ్మూలం తీసుకోవాలి. వైకల్యం ఉన్నవారు అలా వీడియోలో ఇచ్చిన వాంగ్మూలం విచారణలో ప్రధాన సాక్ష్యంగా చెల్లుతుంది, అంటే కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పక్కర్లేదు, ఎదుటి లాయరు ప్రశ్నలకు జవాబిస్తే సరిపోతుంది. స్టేషన్ పరిధి సంగతి తప్ప ఈ నిబంధనలు కొత్తగా పుట్టినవి కావు, 2013లో చట్టం మార్చినప్పటి నుంచీ ఉన్నాయి. రాత్రి పదింటికి ఒక మండల పోలీసు స్టేషన్‌లో సైగల భాష తెలిసిన మనిషిని ఎక్కడ వెతుకుతారన్నదే ఇబ్బంది. అలాంటి వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ముందే రాసి పెట్టుకోవాలని సుప్రీంకోర్టు 2021 తీర్పు చెప్పింది. ఒక పేజీ జాబితా అది. పక్కనే ఉన్న భవిత కేంద్రం, జిల్లాలోని బధిరుల పాఠశాల నంబర్లు తీసుకుంటే ఒక పూటలో తయారవుతుంది. ఇంట్లోవాళ్లను దుబాసీగా పెట్టుకోవడం మాత్రం చాలా ప్రమాదం. నేరం చేసింది ఇంట్లోనే ఉండొచ్చు, లేదా పరువు కోసం మాట మార్చి చెప్పొచ్చు.

పోలీసుల సంగతి చాలామందికి తెలుసు. తహసీల్దార్ సంగతి దాదాపు ఎవరికీ తెలియదు. 2016 చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం ఒక వికలాంగుడిని ఎవరైనా వేధిస్తున్నారని, వాడుకుంటున్నారని, లేదా అలా జరగబోతోందని తెలిసిన ఏ మనిషైనా, రిజిస్టరైన ఏ సంస్థైనా ఆ ప్రాంత ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు సమాచారం ఇవ్వొచ్చు. మన మండలాల్లో ఆ అధికారం ఉన్నది తహసీల్దార్‌కు. రౌడీ షీటర్లను బైండోవర్ చేసేది ఆ అధికారంతోనే. సమాచారం అందగానే తహసీల్దార్ దాన్ని ఆపే చర్య తీసుకోవాలి. మనిషిని అక్కడి నుంచి తప్పించమని పోలీసులకు గానీ వికలాంగుల కోసం పనిచేసే సంస్థకు గానీ ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఆ మనిషి కోరితే రక్షణలో ఉంచొచ్చు, పోషణ ఖర్చు ఇప్పించొచ్చు.

ఈ సెక్షన్ విలువ ఎక్కడుందంటే, జరగబోయేదాన్ని కూడా ఇందులో చేర్చారు. ఎముక విరిగేదాకా ఆగక్కర్లేదు. పక్కింట్లో నీళ్లు ఇవ్వడం లేదని, కొట్టిన చప్పుళ్లు వినిపిస్తున్నాయని అనుమానం ఉన్న పొరుగువాళ్లు ‘పోలీసు కేసు ఎందుకు, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు’ అని వెనకాడతారు. మండల ఆఫీసులో ఒక కాగితం ఇవ్వడానికి అంత జంకు ఉండదు. సోమవారం అర్జీల రోజున పాసుపుస్తకం, సర్వే హద్దుల అర్జీల మధ్య అలాంటి కాగితం కూడా రావడం మొదలైతే ఆ అధికారం నిజంగా ఉందని తహసీల్దార్లకే గుర్తొస్తుంది. ఫిర్యాదు తీసుకున్న పోలీసు అధికారి కూడా ఈ మార్గం ఉందని, ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందని బాధితులకు చెప్పాలని అదే సెక్షన్ అంటుంది. న్యాయ సహాయానికి వికలాంగులైతే చాలు, ఆదాయ పరిమితి లేదు. ఫోన్ నంబరు 15100. అత్యవసరమైతే 112, మహిళలకు 181, పిల్లలకు 1098.

నమ్మడం, నమ్మకపోవడం

కేసు కోర్టుకు చేరాక అసలు పరీక్ష మొదలవుతుంది. చూపు లేని మనిషి ఎలా గుర్తుపట్టింది? మాట రాని మనిషి సైగను ఎలా నమ్మాలి? కర్నూలు కేసులో సుప్రీంకోర్టు దీనికి సూటిగా జవాబు చెప్పింది. వైకల్యం ఉన్నంత మాత్రాన ఆమె సాక్ష్యం బలహీనమైనది కాదు. లోకాన్ని ఆమె తెలుసుకునే పద్ధతి వేరు, అంతే. చూపున్నవాళ్లు ముఖం గుర్తుపట్టినట్టే ఆమె గొంతు గుర్తుపడుతుంది. 2022 జనవరిలో మరో కేసులో సుప్రీంకోర్టు, బెదిరే అవకాశం ఉన్న సాక్షుల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక గదులు ఏర్పాటు చేయాలని చెబుతూ ఆ సాక్షుల్లో వికలాంగులనూ చేర్చింది. నిందితుడి ముఖం ఎదురుగా లేకుండా సాక్ష్యం చెప్పే వీలు కల్పించే గదులవి.

కర్నూలు తీర్పులో తృప్తినివ్వని భాగం కూడా ఉంది. బాధితురాలు షెడ్యూల్డ్ కులానికి చెందిన పేదింటి యువతి. కింది కోర్టులు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా శిక్ష వేశాయి. కులం కారణంగానే ఈ నేరం జరిగిందని చూపే ఆధారం లేదంటూ సుప్రీంకోర్టు ఆ ఒక్క శిక్షను కొట్టేసింది. అయితే అదే తీర్పులో, ఆడది, దళితురాలు, చూపు లేనిది అనే మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఏది కారణమో విడదీసి చూపమని అడగడం ఎంత కష్టమో న్యాయమూర్తులే వివరంగా రాశారు. ఆమె బతుకులో ఆ మూడూ ఎప్పుడూ విడిగా లేవు. ఆ నేరం నాటికి ఉన్న చట్టం మాత్రం విడివిడిగానే అడిగింది.

హోమ్‌ల గోడల వెనక

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ప్రైవేటు మానసిక రోగుల కేంద్రానికి నిప్పంటుకుంది. 28 మంది చనిపోయారు. చాలామంది గొలుసులతో కట్టేసి ఉన్నారు. పారిపోలేకపోయారు. దర్గా దగ్గర నయమవుతుందన్న ఆశతో కుటుంబాలు వదిలి వెళ్లినవాళ్లు వాళ్లు. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ కేసు చేపట్టింది. అంతకు ఏడేళ్ల ముందు, 1994లో, పుణెలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మేధో వైకల్యం ఉన్న హోమ్ అమ్మాయిలకు గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత చూసుకోవడం సిబ్బందికి కష్టమన్నది అప్పుడు చెప్పిన కారణం. గర్భసంచి తీసేసినంత మాత్రాన ఆమెపై దాడి ఆగదు. దాడి జరిగినా బయటపడే ఆధారం మాత్రం పోతుంది. ఇప్పటికీ కొందరు తల్లిదండ్రులు బిడ్డ రక్షణ కోసమే అనుకుని డాక్టర్లను ఇదే అడుగుతారు. ఆమె సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే చికిత్సను 2016 చట్టం ఒప్పుకోదు. చండీగఢ్‌లో ప్రభుత్వమే నడిపే ఆశ్రయంలో ఉంటూ లైంగిక దాడి వల్ల గర్భవతి అయిన మేధో వైకల్యం ఉన్న యువతి కేసులో, బిడ్డను కనాలా వద్దా అన్నది ఆమె ఇష్టమేనని సుప్రీంకోర్టు 2009లోనే తేల్చింది. రక్షణ కోసం పెట్టిన చోటే ఆమెపై దాడి జరిగింది.

ఇప్పుడు వికలాంగుల హోమ్ నడపాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గోడ మీద సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన లోపల ఏం జరుగుతుందో తెలియదు. తనిఖీ అధికారి ముందే ఫోన్ చేసి వస్తే ఆ రోజు దుప్పట్లు కొత్తవి, భోజనం ఘనంగా ఉంటుంది. 2018లో బీహార్‌లోని ముజఫర్‌పూర్ హోమ్‌లో బాలికలపై జరిగిన లైంగిక దాడుల దారుణం బయటపడింది టాటా సామాజిక శాస్త్రాల సంస్థ చేసిన తనిఖీలో. అంటే బయటివాళ్లు లోపలికి వెళ్లి పిల్లలతో మాట్లాడితేనే తెలిసింది. 2007లో భారత్ ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 16వ అధికరణం కోరేది కూడా ఇదే, స్వతంత్రమైన పర్యవేక్షణ. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మేధో వైకల్యం ఉన్నవారి హోమ్‌లను పరిశీలించే పనిని ఎనిమిది జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. ఎవరైనా బిడ్డను హోమ్‌లో చేర్చే ముందు బిల్డింగ్ చూడటం కంటే అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏ వేళలోనైనా చెప్పకుండా రావచ్చా? లోపల ఉన్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా? రాత్రి డ్యూటీలో ఆడ సిబ్బంది ఎందరు? పోయిన ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి? ఒక్కటీ రాలేదని చెప్పే చోట ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి.

ఎవరు ఇల్లు వదలాలి

ఇంట్లో వేధింపు బయటపడినప్పుడు అందరికీ తోచే పరిష్కారం ఆ మనిషిని తీసుకెళ్లి ఎక్కడో చేర్చడం. చూపు లేని మనిషికి తన ఇంట్లో కుళాయికి ఎన్ని అడుగులో, గడప ఎక్కడ ఎత్తుగా ఉందో, బియ్యం డబ్బా ఏ అలమారలో ఉందో తెలుసు. వీధిలో ఆమె పేరు తెలిసిన కిరాణా కొట్టు ఉంది. అక్కడి నుంచి ఆమెను తీసుకెళ్లి కొత్త హాల్లో మంచం చూపిస్తే, దెబ్బలు తిన్నది ఆమె, శిక్ష కూడా ఆమెకే పడినట్టు అవుతుంది. పైగా కొత్త చోట ఆమె మళ్లీ తెలియని ఒక్క మనిషి మీద ఆధారపడాలి.

2005 గృహహింస చట్టం కింద కోర్టు వేరే దారి చూపగలదు. వేధిస్తున్న మగవాడిని ఆ ఇంటి నుంచి వెళ్లిపొమ్మని నివాస ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఆ దరిదాపులకు రావద్దని రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. భార్యలకే కాదు, అదే ఇంట్లో ఉండే చెల్లికీ తల్లికీ కూడా ఇది వర్తిస్తుంది. ఆమె తరఫున ఇంకొకరు కూడా దరఖాస్తు చేయొచ్చు. అతను వెళ్లిపోయాక ఆమెకు స్నానం ఎవరు చేయిస్తారు, మందులు ఎవరు తెస్తారు అన్నది కూడా అదే వారం తేలాలి. తేలకపోతే నెల తిరక్కుండానే ఆమే అతన్ని వెనక్కి పిలుస్తుంది. కేసు వెనక్కి తీసుకున్న బాధితులను తప్పుపట్టే ముందు ఈ సంగతి చూడాలి. వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం రోజుల నుంచి ఉన్న మండల వికలాంగుల సమాఖ్యలు ఇలాంటి చోట చాలా పనికొస్తాయి. అదే ఊళ్లో, అదే కష్టం తెలిసిన సభ్యులు వంతులు వేసుకుని వారం పది రోజులు వెళ్లి కూర్చోగలరు. ఆలోగా ఆశా కార్యకర్త, పొరుగింటావిడ, దూరపు బంధువు అంటూ ఇద్దరు ముగ్గురిని కుదర్చొచ్చు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు, పెన్షన్ రోజున ఇంకొకరు. పూర్తిగా ఏ ఒక్కరి చేతిలోనూ ఆమె ఉండదు.